బావిలోకి వాయించినవాడు

విడపనకల్లులో బస్సు దిగిన పెద్దాయన చంకలో గుడ్డ చుట్టిన మాండలిన్ ఉంది.

"బాబావలి అని, బావులు తవ్వే మనిషి. ఇల్లు యాడప్పా?" అని టీ అంగట్లో అడిగాడు.

అంగడతను దిగులుగా చూశాడు.

"ఇంట్లో యాడుండాడు పెద్దాయనా! జయరామయ్య సెట్టి బావిలో మన్ను విరిగి మీద పడింది. పొద్దున్నించి దాని కిందనే ఉండాడు. నీకు చుట్టమా?"

"కాదు."

దారి అడిగి పెద్దాయన సెట్టి చేను వైపు నడిచాడు.

అది అరవై అయిదో సంవత్సరం. వానల్లేవు. చెమ్మ కోసం ఊళ్లో ఉన్న బావులన్నీ ఇంకా ఇంకా లోతుకు తవ్విస్తున్నారు.

బావి చుట్టూ జనం మూగి ఉన్నారు. బాబావలి భార్య ఖైరున్నీసా మట్టిలో కూలబడి ఉంది. పిలిచి పిలిచి ఆమె గొంతు పోయింది. మొదట్లో లోపలినుంచి మూలుగు వినిపించింది. తర్వాత అదీ లేదు.

మన్ను ఎత్తే పని ఆగిపోయింది.

"ఇంక ఎవరూ దిగొద్దండప్పా," అంటున్నాడు జయరామయ్య. "ఇంకో పక్క విరిగితే ఇంకొకడు పోతాడు. పోయినోని కోసం ఉన్నోళ్లను చంపుకుందామా?"

పెద్దాయన చాలాసేపు బావిలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ ముఖంలో జాలి లేదు. దవడలు బిగుసుకుని ఉన్నాయి. వెనక్కి తిరిగి నాలుగడుగులు నడిచాడు కూడా.

మళ్లీ వచ్చాడు.

అంచున కూర్చుని మాండలిన్ గుడ్డ విప్పాడు. తీగెలు సరిచేసుకుని, లోపలికి వంగి వాయించడం మొదలుపెట్టాడు.

నాటకంలో తెర లేచే ముందు వాయించే హుషారైన వరస అది. సన్నని ఇనుప తీగెల మోత రాళ్లకు తగులుతూ బావి అడుగుకు దిగింది.

జనం నివ్వెరపోయారు.

"ఏమప్పా, మతి ఉండాదా నీకు?" మోకు లాగే సుంకన్న అరిచాడు. "మనిషి పోయి ఆయమ్మ ఏడుస్తాంటే నాటకాల పాటలా?"

"పైన మనుషులు ఉండారని వానికి తెలియాల," అన్నాడు పెద్దాయన, చెయ్యి ఆపకుండానే.

"నువ్వెవడు వానికి?"

"ఎవర్నీ కాను."

సుంకన్నకు ఒళ్లు మండింది. మాండలిన్ లాక్కుని విసిరాడు. అది బండకు తగిలి మెడ విరిగింది. తీగెలు తెగి ముడుచుకుపోయాయి.

ఒక్కసారిగా నిశ్శబ్దం.

అప్పుడు బావి అడుగున, టక్.

మళ్లీ టక్, టక్.

గడ్డపార రాతికి తగులుతున్న చప్పుడు. పైన ఆగిపోయిన పాటకు కింద ఎవరో ఇంకా తాళం వేస్తున్నారు.

"ఉండాడు! బతికే ఉండాడు!" పోయిన గొంతుతోనే ఖైరున్నీసా కేక పెట్టింది.

అందరికంటే ముందు సుంకన్నే మోకు పట్టుకుని దిగాడు. గంపలు కదిలాయి. వద్దన్న జయరామయ్య కూడా పంచె ఎగగట్టి మన్ను అందుకున్నాడు.

పెద్దాయన విరిగిన మాండలిన్‌ను గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోవడం ఎవరూ గమనించలేదు.

పొద్దు వాలేసరికి బాబావలిని పైకి తెచ్చారు. కాలు విరిగింది. ప్రాణం ఉంది.

గుక్కెడు నీళ్లు తాగి కళ్లు తెరిచాడు.

"వాయించినాయన యాడ?"

సుంకన్న తల వంచుకున్నాడు. "పోయినాడన్నా. రోడ్డు దాకా ఉరికి చూసొచ్చినారు. బస్సు అప్పుడే ఎల్లిపోయింది. నీ ఇల్లు యాడని అడుగుతా వచ్చినాడంట. నేనే పాపిష్టోన్ని, మాండలిన్ ఇరగ్గొట్టినా. ఎవరన్నా ఆయప్ప?"

బాబావలి బావి వైపు తల తిప్పాడు.

"గుమ్మఘట్టలో నాతో బావుల్లో దిగే బసప్ప ఎప్పుడూ ఆ వరసే ఈల వేస్తాండె. వాళ్ల నాయన దాన్ని నాటకాల కంపెనీలో మాండలిన్ మీద వాయిస్తాడని గొప్పగా చెప్తాండె."

"అయితే ఆయప్ప బసప్ప నాయనన్నమాట! మరి కొడుకును ఎంట పెట్టుకోని రాలేదే?"

"యాన్నించి తెస్తాడప్పా... పోయినేడు నా చేతిలో మోకు జారి బావిలో పడి చచ్చింది వాడే."