పద్దెనిమిది దీవులు

“నరేంద్ర లేడు సార్. జరమొచ్చి పోయినాడు. సముద్రంలోనే వదిలేసినారు.”

సూళ్లూరుపేట నుంచి వచ్చిన ధనంజయ ఆ మాట చెప్పి తల వంచుకున్నాడు. తలుపు వెనక నరేంద్ర భార్య మోహన మెడలోని తాళిని పిడికిట పట్టుకుంది.

నరేంద్ర తండ్రి మునిరామయ్య వడమాలపేట బడిలో ముప్పయ్యేళ్లు భూగోళం చెప్పిన మాస్టరు. నాలుగేళ్ల కిందట, 1999లో, కొడుకు చేపల ఓడలో పనికని ఫారో దీవులకు వెళ్లాడు. ఆనాటి నుంచి ఉత్తర అట్లాంటిక్ సముద్రపు పటం ఆయన గోడ మీద ఉంది. తిరుపతి గ్రంథాలయంలో ఆ దీవుల గురించి దొరికిన ప్రతి పుటా ఆయనకు కంఠస్థం.

“బాగుండాడని వాణ్ణి ఆడికి పంపిన ఏజెంటు మొన్ననే ఫోను చేసినాడే! నువ్వెవురప్పా?”

“నరేంద్రతో నాలుగేండ్లు పనిచేసినోణ్ణి సార్. ఒకే ఓడ.”

అతడి ముఖం పాలిపోయి ఉంది. వసారాలోని వెలుతురుకే కళ్లు చిట్లిస్తున్నాడు. అబద్ధమాడే పిల్లవాడు కళ్లెత్తి చూడలేడని మాస్టరు అనుభవం.

“నాలుగేండ్లా? అయితే చెప్పు. దీవులెన్ని?”

“తెలీదు సార్.”

“పద్దెనిమిది! ఎవురి ఏలుబడి?”

ధనంజయ తల అడ్డంగా ఊపాడు.

“డెన్మార్కుది. వెయ్యేండ్ల కిందట నార్వే నుంచి పడవల్లో వచ్చి, గొర్రెలు మేపుకొని బతికినోళ్ల గడ్డ. సరే, ఆడ అడవులెట్లుంటాయి?”

“మన మాదిరే ఉంటాయేమో సార్.”

“అడవనేదే లేదబ్బా ఆడ! ఆ గాలికి చెట్టు నిలవదు.”

మాస్టరు గొంతులోకి ప్రాణం వచ్చింది.

“ఆఖరుగా ఒకటి. జూన్ నెలలో రాత్రి ఎట్లుంటాది?”

“ఎప్పుడూ ఉన్నట్టే సార్. చీకటి.”

“జూన్‌లో ఆడ చీకటే పడదురా, దొంగనాయాలా!” మునిరామయ్య తొడ చరిచి నవ్వాడు. “అమ్మా మోహనా! వీడు ఆ దీవుల మొగం సూసినోడు కాదు. నరేంద్ర నిక్షేపంగా ఉండాడు. పాయసం చెయ్యి!”

మోహన అద్దం ముందుకు పరుగెత్తింది. చెదిరిన కుంకుమను మళ్లీ దిద్దుకుంది, గుండ్రంగా, పెద్దగా.

“సార్, మేముండింది...” అని ధనంజయ నోరు తెరిచాడు. అద్దంలో ఆమె నవ్వు కనబడింది. మాట మింగి, చెప్పులు తొడుక్కొని, ఎండలోకి నడిచాడు.

నాలుగేళ్లూ బయట గొళ్లెం పెట్టి వాళ్లిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చేపలు కోయించిన ఆ ఓడ అడుగు గదికి ఒక్క కిటికీ కూడా లేదు.