ఆరింటి పువ్వు

ఉదయం ఆరింటికి గడియారం మాస్టారి పువ్వు వచ్చింది. ఆరూ రెండుకి దాని మీద ఫిర్యాదు వచ్చింది. కారణం, స్పామ్. వివరం రాయాల్సిన చోట ఖాళీ.

షట్టరెత్తి కంప్యూటర్ ముందు కూర్చున్న కళ్ళజోళ్ళ షాపాయన పళ్ళు నూరాడు.

"మళ్ళీ తగలడ్డాడు. ఎందుకో రాయడానికి చేతులు పడిపోయాయా వీడికి?"

షాపు వెనక గదిలో ఆయన సొంతంగా ఒక సోషల్ మీడియా సర్వర్ నడుపుతున్నాడు. మొక్కలు పెంచుకునేవాళ్ళు మూడొందల మంది అందులో ఉన్నారు. ఇలాంటి సర్వర్లు లోకంలో వేలున్నాయి. ఒకదాంట్లో వాళ్ళు ఇంకోదాంట్లో వాళ్ళతో హాయిగా మాట్లాడుకోవచ్చు. కాపలా మాత్రం ఎవరిది వాళ్ళదే. బరువు తగ్గించే మాత్రల వాళ్ళనీ, లాటరీల వాళ్ళనీ రోజుకు యాభైమందిని గెంటలేక ఆయన ప్రాణం విసిగిపోయింది. అది చాలదన్నట్టు నెల పైనుంచి రోజూ పక్క సర్వర్ నుంచి ఈ ఫిర్యాదొకటి.

మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఠంచనుగా ఆరింటికి ఒక పువ్వు ఫొటో పెడతారు. కింద, "లేచారా? నీళ్ళు పోశారా?" అని రాస్తారు. సగం మంది ఆయన కోసమే ఇక్కడ ఉన్నారు. అలాంటిది ఈమధ్య ఆయన ఎవరు పలకరించినా జవాబివ్వడం లేదు.

"మనసు కష్టపెట్టుకున్నారన్నయ్యా," అంది అద్దాలు తుడుస్తున్న చెల్లెలు. "ఆయన వెళ్ళిపోతే వెనకాలే అందరూ మూటలు సర్దుకుంటారు."

"ఎవడో తెలిస్తే కదా కడిగెయ్యడానికి."

పక్క సర్వర్ నుంచి వచ్చే ఫిర్యాదు మీద ఆ సర్వర్ పేరే ఉంటుంది, మనిషి పేరుండదు. అక్కడి నిర్వాహకుడికి మూడు ఉత్తరాలు రాశాడు. పేరు చెప్పడం కుదరదని అతను మర్యాదగా చేతులు దులిపేసుకున్నాడు.

షాపాయనకు తిక్క రేగింది. మాస్టారి పువ్వు రోజంతా అందరికీ పైనే కనబడేలా పెట్టాడు.

"చూసి ఏడవనీ," అన్నాడు.

మర్నాడు ఆరూ రెండుకి మళ్ళీ ఫిర్యాదు. ఇక లాభం లేదని, ఆ సర్వర్ నుంచి ఏ ఫిర్యాదూ లోపలికి రాకుండా మూసేశాడు.

"నిజం ఫిర్యాదులు కూడా రావు కదన్నయ్యా."

"రాకపోతే పీడా పోయింది. నాకు మాస్టారు ముఖ్యం."

మూడో రోజు పువ్వు వచ్చింది, ఫిర్యాదు రాలేదు. ఆయన ప్రాణం కుదుటపడింది. "ఇక మీ జోలికి ఎవరూ రారు మాస్టారూ, మీ పువ్వు ఆగదు," అని సంబరంగా ఆయనకు రాశాడు. జవాబు రాలేదు.

మధ్యాహ్నం సర్వర్ మెయిల్‌కు ఎవరో కొత్తవాళ్ళ దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది.

"అయ్యా, నేను మాస్టారి భార్యని, ఆ ఫిర్యాదులు పెట్టింది నేనే, ఏడాదికి సరిపడా పువ్వులు తారీఖులు వేసి ముందే పెట్టేసిన మనిషి పోయి నెలన్నరయింది, వాటినెలా ఆపాలో నాకు తెలియడం లేదు."