వన్స్‌మోర్

తెనాలిలో ఇప్పుడు అందరి చెవుల్లోనూ గింజంత యంత్రం ఉంటుంది, దాని పేరూ గింజే. ఎదుటివాళ్లు ఎంత సాగదీసి మాట్లాడినా ఒక్క ముక్కలో తేల్చి చెబుతుంది. నాటకం చూసేటప్పుడు కూడా ఎవరూ దాన్ని తియ్యరు. పద్యానికి వన్స్‌మోర్ అనే కేక విని రంగస్థల నటి కనకవల్లికి ఏడేళ్లయింది.

అయినా ఆమె ఒక ఆసుపత్రి ఆయా మీద పద్యనాటకం రాసింది. ముప్పై ఏళ్లు తన పద్యాలకి హార్మోనియం వాయించిన భర్త సాంబశివానికి నచ్చితేనే ఆడదామనుకుంది. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ చివరి పద్యం పాడింది.

"వన్స్‌మోర్!" అన్నాడాయన.

ఆమె చేతిలో చిక్కుడుకాయ పళ్లెంలో పడింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, రాగం ఇంకాస్త తీసి మళ్లీ పాడింది.

"ఆఁ, ఇప్పుడు అర్థమైందే. బిడ్డ పోయింది, ఆయా ఏడుస్తోంది. అంతేగా?"

"మరి మొదటిసారి?"

"అప్పుడు గింజ ఛార్జింగులో ఉంది కదే, రెండోసారికి తీసి పెట్టుకున్నా. మొదట నువ్వేదో పాడుతున్నావు గానీ, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!"

ఆయన నవ్వాడు. కనకవల్లి పళ్లెంలోని ఈనెలన్నీ ఆ పద్యం రాసిన కాగితంలోకి ఎత్తి పొట్లం కట్టింది.

"కూరలో కొబ్బరి వెయ్యనా?" అని అడిగింది.

ఆ మాట ఆయనకి వెంటనే అర్థమైంది.