పట్టీలు విప్పిన జట్టు

ప్రపంచ మంచు స్కేటింగ్ పోటీల ఫైనల్‌కు ఐదు నిమిషాలున్నాయనగా నూకరత్నం కాలికున్న తాళంపట్టీ ఆగిపోయింది. ఈ రోజుల్లో ఏ దేశపు పదహారుమంది జట్టయినా ఆ పట్టీ కాలి మీద కొట్టే దరువుకే ఒక్కటిగా అడుగు వేస్తుంది.

"ఒకరి పట్టీ ఇంకొకరికి పనిచేయదు. నువ్వు ఉండిపో. రిజర్వు అమ్మాయిని దింపుతాను," అన్నాడు కోచ్.

ఏడేళ్ల సాధన కళ్లముందు మెదిలినా నూకరత్నం ఏడవలేదు.

"భీమిలి ఒడ్డున మా అయ్యోళ్లు ఏ పట్టీ కట్టుకుని వల లాగినారు సార్? ఒకడు పాటెత్తితే ముప్పైమందీ ఒక్కపాలి లాగీవోరు. అందరూ ఇప్పేయండి, నేను పాడతాను."

కెప్టెన్ దాలమ్మ వంగి తన పట్టీ ఊడదీసింది. "గొంతు తగ్గిందో, పీక నొక్కేస్తానే!"

పదహారు పట్టీలు బెంచీ మీద పడ్డాయి. నూకరత్నం పాట అందుకుంది. మంచు మీద పదహారు జతల స్కేట్లు ఒక్క చప్పుడే చేశాయి.