మెత్తబడిన నేల

"చూడండి సతీష్‌బాబు గారూ, ఎన్ని వానపాములో!"

చందర్లపాడు చేలో ఏడుకొండలు పారతో మట్టిపెళ్లను లేపి, భూమి యజమాని ముందు విరిచి చూపించాడు. కొత్త ఏడాది కౌలు మాట్లాడటానికి నందిగామ నుంచి వచ్చిన సతీష్‌బాబు వంగి చూశాడు.

"మూడేళ్లుగా యూరియా ముట్టలేదండి. పేడ, గోమూత్రమే. రెండేళ్లు మిర్చి సగమే పండింది. ఈ ఏడే నేల దారిలో పడింది."

వెనక నుంచి భార్య నాగేంద్రం అతని చొక్కా లాగింది. ఏడుకొండలు పట్టించుకోలేదు.

"ఇంత మంచి నేలని పాత కౌలుకి ఎట్టా ఇస్తానయ్యా? పక్క రైతు ఎక్కువిస్తానంటున్నాడు. నువ్వూ అంతిస్తే నీకే."

"అంతిస్తే మాకేం మిగులుద్దండి?" అంది నాగేంద్రం.

"అయితే రోడ్డు పక్క పొలం చెక్క తీసుకోండి. గట్టిపడిపోయింది కాబట్టి తక్కువకే ఇస్తా. దాన్నీ ఇట్టాగే బాగుచెయ్యండి."

ఏడుకొండలు చేతిలోని మట్టిని చూసుకున్నాడు.

"తీసుకుంటానండి. దానికి మాత్రం యూరియానే వేస్తా. ఏడాది కౌలుకి ఏడాది పంట చాలు."

సతీష్‌బాబు బండెక్కాడు. నాగేంద్రం వానపాములకు ఎండ తగలకుండా మట్టి కప్పసాగింది.

"ఇంకెందుకే, మనది కాదుగా!" అన్నాడు ఏడుకొండలు.

ఆమె చెయ్యి ఆగలేదు.