ముక్కు మూసుకుని ఒక గుక్క

బస్సు కదలడానికి ఇరవై నిమిషాలుంది. బెర్నడెట్ ఇంకా సీసా ఎంచుకోలేదు.

బయట మైనస్ పదకొండు. నయాగరా తోటల్లో ద్రాక్ష గుత్తులు తీగల మీదే గడ్డకట్టి వలల్లో వేలాడుతున్నాయి. వాటి రసం పిండి చేసే ఐస్ వైన్ ఆ తోటవాళ్ల దుకాణంలో పదకొండు రకాలుంది. ఆమె కొనాల్సింది ఒక్కటి.

"మా అమ్మకి," అంది కౌంటర్ వెనకున్న జోలీన్‌తో. "ఆదివారం తొంభై నిండుతాయి."

"అయితే ఇది తీసుకోండి." జోలీన్ ఒక సీసా ముందుకు జరిపింది. దాని మెడకి బంగారు పతకం అతికించి ఉంది. "విడాల్ ద్రాక్ష. గుక్క వెయ్యగానే ఆప్రికాట్, తర్వాత తేనె, నారింజ పూలు, చివర్లో కాస్త అల్లం..."

"మా అత్తకి అవేవీ తెలీవు," అన్నాడు బెర్నడెట్ భర్త సిరిల్. "రెండేళ్ల కిందట ఫ్లూ వచ్చి వాసన పోయింది. అప్పట్నుంచి ఏం పెట్టినా తడి అట్టముక్కలా ఉందంటుంది."

"తినడం మానేసింది. చిక్కి సగమైంది," అంది బెర్నడెట్. "పుట్టినరోజుకి ఏం కావాలంటే, ఒక్క గుక్క రుచి తెలిస్తే చాలంది."

"అయితే పతకం సీసా వద్దు," అన్నారెవరో.

కౌంటర్ చివర స్టూల్ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఊలు టోపీ, మట్టి బూట్లు, ముందు చిన్న గ్లాసు.

"ఎందుకొద్దు?" అంది బెర్నడెట్.

"అది ముక్కుతో తాగే వైన్ అమ్మా. ఆమెకి మిగిలింది నాలుక ఒక్కటే. నాలుకకి తెలిసేవి తీపీ పులుపూ. ఉప్పూ చేదూ కూడా తెలుస్తాయనుకోండి, వాటితో పుట్టినరోజు చెయ్యరుగా."

సిరిల్ భార్య వైపు వంగాడు. "వైన్ ఊరికే పోసే చోట ఇలాంటి పెద్దమనిషి ఒకడు తప్పకుండా ఉంటాడు."

"ఇవాళ ఇద్దరున్నారు," అన్నాడు ముసలాయన. "మీది నాలుగో గ్లాసు."

జోలీన్ గ్లాసులు తుడిచే నెపంతో అటు తిరిగింది.

"అదీ, కింది అరలో ఉన్న రీస్లింగ్ ద్రాక్షదీ, రెండూ తలా కాస్త పొయ్యి జోలీన్," అన్నాడు ముసలాయన. "అమ్మా, మీరు ముక్కు మూసుకుని తాగండి. మింగేదాకా వదలకండి."

"అందరూ చూస్తున్నారండీ."

"చూడనివ్వండి. పావుగంటలో బస్సెక్కి పోతారుగా."

బెర్నడెట్ ముక్కు పట్టుకుంది. పతకం వైన్ ఒక గుక్క వేసింది.

"చక్కెర నీళ్లు," అంది ముక్కు వదలకుండానే.

రెండో గ్లాసు ఎత్తింది. తీపి వచ్చింది. వెనకాలే పులుపు వచ్చి ఆ తీపిని కోసింది. దవడల కింద నీళ్లూరాయి. ఆమె ముక్కు వదిలేసి నవ్వింది.

సిరిల్ కూడా ముక్కు పట్టుకున్నాడు. అతన్ని చూసి బస్సు జనంలో మరో ముగ్గురు పట్టుకున్నారు.

"ఇదే," అంది బెర్నడెట్.

"చేతి సంచిలో పెట్టకండి, విమానం దగ్గర లాగేసుకుంటారు," అన్నాడు ముసలాయన. "ఊలు మేజోళ్లలో చుట్టి పెట్టెలో వెయ్యండి. ఆమెకి ఇచ్చేటప్పుడు మరీ చల్లగా వద్దు. చల్లదనానికి తీపి సరిగ్గా తెలీదు."

బయట డ్రైవర్ హారన్ కొట్టాడు. బస్సు టూర్‌తో పాటు ఇచ్చిన రుచి చూసే టికెట్లలో ఒకటి సిరిల్ జేబులో మిగిలింది. దాన్ని ముసలాయన ముందు పెట్టాడు.

"ఇంకో గుక్క వేసుకో తాతా."

"సంతోషం," అని ఆయన టికెట్ జేబులో పెట్టుకున్నాడు.

పేరు అడగాలని బెర్నడెట్‌కి బస్సు మలుపు తిరిగాక తోచింది.

ఆదివారం సెయింట్ జాన్స్‌లోని ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర, బెర్నడెట్ తల్లి ఫిలొమీనా బొటనవేలంత గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని తాగింది. కళ్లు మూసుకుంది. మూతి ముడుచుకుపోయింది.

"ఏమైందమ్మా?"

"మాట్లాడకు. ఇంకా ఉంది."

కాసేపటికి కళ్లు తెరిచి గ్లాసు చాపింది. "అంత పొదుపేమిటే? నాకు తొంభై. ఎప్పటికి దాస్తావు?"

రెండో గ్లాసుతో రెండు ముక్కలు కేకు తినేసింది. మూడో గ్లాసు తర్వాత అల్లుణ్ణి డాన్సుకి లేవమంది. సిరిల్‌కి మోకాళ్ల నొప్పి. ఆమె ఊరుకోలేదు.

బెర్నడెట్ సీసా మీదున్న నంబరుకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది. జోలీన్ పలికింది.

"ఆ రోజు స్టూల్ మీద కూర్చున్న పెద్దాయనకి చెప్పండి. మా అమ్మకి రుచి తెలిసింది. కేకు కూడా తింది."

"అతనికి పెళ్లయిందేమో కనుక్కో," అంది ఫిలొమీనా.

"అయిందండీ, నలభై ఏళ్లయింది," అంది జోలీన్ నవ్వుతూ. "ఈ మాట చెప్తే ఆయన చాలా సంతోషిస్తారు."

"రోజూ వచ్చి కూర్చుంటాడా ఆ తాత?" అన్నాడు సిరిల్ ఆయాసపడుతూ. "మీరేమీ అనరా?"

"ఏమంటామండీ? ఆయన ఆబ్రం ఫ్రీసెన్. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇక్కడి వైన్లన్నీ ఆయనే చేశారు, ఆ పతకం వైన్‌తో సహా."

సిరిల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మూడేళ్ల కిందట ఆయనకీ మీ అమ్మగారికి వచ్చినట్టే జ్వరం వచ్చిందండీ," అంది జోలీన్. "తను చేసినవాటిలో ఇప్పుడు ఆయనకి రుచి తెలిసేది ఆ రీస్లింగ్ ఒక్కటే."