అల్లుడుగారి తప్పులు

"మాట ఆపకండి పెద్దమ్మా! మీరు ఆపితే నా చెయ్యి కూడా ఆగిపోతుంది."

పచ్చగుడ్డ అవతల నుంచి డాక్టరమ్మ అంది. ఇవతల బల్ల మీద పడుకున్నది వీధుల్లో కూరలమ్మే ఆవిడ. గుండెకు బలం లేదని పూర్తి మత్తు ఇవ్వలేదు. మెడకు మాత్రమే తిమ్మిరెక్కించారు. నిమ్మకాయంత థైరాయిడ్ గడ్డ తియ్యాలి. దాన్ని అంటుకునే గొంతు నరం ఉంది, సన్నటి దారప్పోగులా. దానికి కత్తి తగిలితే మాట పడిపోతుంది.

"మాట పోతే నా కేక ఎవరు వేస్తారమ్మా? మూగదాని బండి దగ్గర ఎవరాగుతారు?"

"అందుకే మాట్లాడమంటున్నా. మీ గొంతు మారితే నరం జోలికి వెళ్ళానని నాకు తెలుస్తుంది."

"ఊరికే ఏం మాట్లాడను?"

"ఎవరి మీదైనా కోపముంటే చెప్పండి. కోపంలో మాటలకు కరువుండదు."

"అయితే మా అల్లుడుగారున్నారుగా!" ఆవిడ గొంతుకు ఎక్కడలేని హుషారొచ్చింది.

నర్సు మాస్కు వెనక నవ్వుకుంది. ఇందాక ఆ అల్లుడే చక్రాల మంచం పట్టుకుని తలుపు దాకా వచ్చాడు. ఆవిడ అతని వంకైనా చూడలేదు.

"పిల్లిలా నడుస్తారు. వెనక్కి తిరిగితే అక్కడే ఉంటారు. గుండె ఝల్లుమంటుంది. నాకు చెప్పకుండా బండి చక్రాలకు నూనె పెడతారు. బండి నాదా, ఆయనదా?"

"మీదే. అడగాల్సింది."

డాక్టరమ్మ వేళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నంత ఓపిగ్గా కదులుతున్నాయి. గడ్డ కొంచెం కొంచెంగా విడివడుతోంది.

"ఎంత తిట్టినా తిరిగి ఒక్క మాటనరు. పోట్లాటకు కూడా పనికిరాని మనిషి! తల వంచుకుని నవ్వుతారు. ఒళ్ళు మండదూ?"

"మండుతుంది. ఇంకా?"

"నాలుగు చినుకులు పడితే చాలు, గొడుగేసుకుని నేనెక్కడున్నా వచ్చేస్తారు. నేనేమన్నా ఉప్పుబొమ్మనా, కరిగిపోవడానికి?"

"ఇంకా?"

"ఇంకా..."

మాట ఆగిపోయింది.

డాక్టరమ్మ చెయ్యి గాల్లోనే నిలిచింది. "పెద్దమ్మా?"

నర్సు పచ్చగుడ్డ పక్క నుంచి ఆవిడ ముఖంలోకి తొంగిచూసింది.

"గుండె బాగానే కొట్టుకుంటోంది," అన్నాడు మత్తు డాక్టరు.

"కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి మేడమ్," అంది నర్సు.

"ఎవరూ కంగారుపడకండి."

డాక్టరమ్మ పట్టుకారు వదిలేసింది. పైకి లాగి ఉన్న గడ్డను మెల్లగా యథాస్థానంలో పెట్టింది. నెత్తురు అద్ది, దీపం దగ్గరికి లాక్కుని వంగి చూసింది. తెల్లటి నరం చెక్కుచెదరకుండా ఉంది. మరి మాటెందుకు రాదు? గడ్డను లాగినప్పుడు నరం అదిరిందా? డాక్టరమ్మ నుదుటి నిండా చెమట పట్టింది. నర్సు తుడిచింది.

"పెద్దమ్మా, ఒక్క మాట. తిట్టయినా సరే. నన్నే తిట్టండి."

ఆవిడ పెదవులు కదిలాయి. మరుక్షణం, మూడు వీధుల అవతలికి వినబడే ఆ కేకే గదిలో ఖంగుమంది.

"ఉండమ్మా, తొందరపెట్టకు! అల్లుడుగారిలో ఇంకో తప్పు వెతుకుతున్నా... ఒక్కటీ దొరికి చావట్లేదు!"